గాలికి లెక్క కట్టిన ఇంజినీర్‌

సివిల్‌ చదివితే ఏం లాభం అనుకునేవారు ఒకసారి తెలుసుకోవాల్సిన జీవితం ఫజ్లుర్‌ రహమాన్‌ ఖాన్‌ది

ఇచ్చోడ నుంచి వెళ్లి పాలిటెక్నిక్‌లోనో, బీటెక్‌లోనో సివిల్‌ బ్రాంచి తీసుకున్న పిల్లలకు ఊళ్లో తప్పని ప్రశ్న ఒకటుంటుంది. సివిలా, మరి ఉద్యోగం ఎట్లా అని. ఆ మాట బస్టాండులో వింటాం, పెళ్లిళ్లలో వింటాం, చివరికి మనల్ని మనమే అడుక్కుంటాం. సప్లీలు రాసి, కోచింగ్‌ కోసం హైదరాబాద్‌లో గది తీసుకుని, నోటిఫికేషన్ల కోసం రెండేళ్లు చూసినవాళ్లకైతే అది ఇంకా గట్టిగా తగులుతుంది.

ఈ వారం చెప్పుకునే మనిషికి చదువు దగ్గరే ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. ఫైనలియర్‌లో ఉండగా నగరంలో మత కలహాలు చెలరేగాయి. కాలేజీ వదిలేసి సరిహద్దు దాటి ఇంటికి పోవాల్సి వచ్చింది. చేతిలో డిగ్రీ లేదు. అదే మనిషి తర్వాత షికాగో నదికి ఒక వీధి దూరంలో 110 అంతస్తుల ఆఫీసు టవర్‌ను నిలబెట్టారు. దాదాపు 25 ఏళ్లపాటు ప్రపంచంలో అంత ఎత్తైన భవనం మరొకటి లేదు. ఆయనే ఫజ్లుర్‌ రహమాన్‌ ఖాన్‌.

ఇల్లు ఒక దేశం, కాలేజీ మరో దేశం

ఖాన్‌ 1929 ఏప్రిల్‌ 3న ఢాకాలో పుట్టారు. అప్పట్లో అది బ్రిటిష్‌ ఇండియాలోని బెంగాల్‌. తండ్రి గణితం మాస్టారు. పాఠ్యపుస్తకాలు రాశారు, తర్వాత కాలేజీ ప్రిన్సిపాల్‌ కూడా అయ్యారు. లెక్కల మీద ప్రేమ ఖాన్‌కు ఇంట్లోనే మొదలైంది. స్కూలు చదువు ఢాకాలో పూర్తిచేసి, కలకత్తా పక్కన శిబ్‌పూర్‌లో ఉన్న బెంగాల్‌ ఇంజినీరింగ్‌ కాలేజీలో సివిల్‌లో చేరారు.

ఇంతలో 1947 వచ్చింది. దేశ విభజనతో ఢాకా తూర్పు పాకిస్థాన్‌లోకి పోయింది. కలకత్తా మన దగ్గర ఉండిపోయింది. 1950లో అల్లర్లు పెరిగేసరికి ఖాన్‌ చదువు మధ్యలోనే ఢాకా చేరుకున్నారు. నాలుగేళ్ల కష్టం గాలికి పోయినట్టే అనుకునే పరిస్థితి. అయితే ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఢాకాలోని అహ్సానుల్లా ఇంజినీరింగ్‌ కాలేజీ ద్వారా డిగ్రీ పూర్తిచేశారు. క్లాసులో మొదటి స్థానం ఆయనదే. ఆ తర్వాత రోడ్ల శాఖలో అసిస్టెంట్‌ ఇంజినీరుగా పనిచేస్తూ, కాలేజీలో పాఠాలు కూడా చెప్పారు.

1952లో ఫుల్‌బ్రైట్‌ స్కాలర్‌షిప్‌ వచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్‌ యూనివర్సిటీలో చేరి మూడేళ్లలో మూడు పట్టాలు అందుకున్నారు. స్ట్రక్చరల్‌ ఇంజినీరింగ్‌లో ఒక మాస్టర్స్‌, అప్లయిడ్‌ మెకానిక్స్‌లో ఇంకో మాస్టర్స్‌, 1955కల్లా పీహెచ్‌డీ. మనలో చాలామంది ఎట్లాగోలా గట్టెక్కితే చాలనుకునే సబ్జెక్టు మెకానిక్స్‌. ఆయనకు తర్వాత అన్నం పెట్టింది, పేరు తెచ్చింది అదే.

వచ్చిన ఉద్యోగం వదిలి, మళ్లీ అదే ఉద్యోగానికి

1955లో షికాగోలోని స్కిడ్‌మోర్‌, ఓయింగ్స్‌ అండ్‌ మెరిల్‌ అనే సంస్థలో చేరారు. ఎస్‌వోఎం అని పిలిచే ఈ సంస్థలో ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు ఒకే కప్పు కింద పనిచేస్తారు. కొత్తగా చేరిన ఖాన్‌కు అప్పగించిన పనుల్లో కొలరాడోలోని వైమానిక దళ అకాడమీ కోసం వంతెనల డిజైన్‌ ఉంది. అంటే ఆకాశాన్ని తాకే టవర్లు కట్టిన మనిషి మొదలుపెట్టింది వంతెనలతో.

రెండేళ్లకు స్వదేశం వెళ్లిపోయారు. కరాచీ డెవలప్‌మెంట్‌ అథారిటీలో ఎగ్జిక్యూటివ్‌ ఇంజినీర్‌ పదవి దొరికింది. మన భాషలో చెప్పాలంటే పెద్ద సర్కారీ కొలువు. హోదా ఉంది, జీతం ఉంది. కానీ రోజంతా ఫైళ్లు, సంతకాలు, మీటింగులే. డిజైన్‌ చేసే తీరిక లేదు. మూడేళ్లు గడవకుండానే ఆయన తనకు నచ్చిన పని ఏదో తేల్చుకున్నారు. 1960లో మళ్లీ షికాగో వెళ్లి పాత సంస్థలోనే చేరారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. సర్కారీ కొలువు చెడ్డదని కాదు. పని మీద ఇష్టమున్నవాళ్లు అక్కడ కూడా ప్రాజెక్టులు కట్టారు, ఊళ్లకు నీళ్లు తెచ్చారు. ఖాన్‌ మాత్రం తనకు ఏ పనిలో నిద్ర పట్టదో, ఏ పనిలో ఆకలి గుర్తురాదో తెలుసుకున్నారు. కెరీర్‌లో ఆ ఒక్క విషయం తేలితే సగం దారి దొరికినట్టే.

వెదురు బొంగు ఎందుకు విరగదు?

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఎత్తైన భవనానికి పెద్ద శత్రువు ఎవరు? బరువు అనుకుంటాం. బరువు కిందికే పోతుంది, దానికి పిల్లర్లు చాలు. అసలు తలనొప్పి గాలి. పక్క నుంచి నెట్టే గాలికి భవనం ఒక కొన పాతేసిన కర్రలా వంగుతుంది. స్ట్రెంత్‌ ఆఫ్‌ మెటీరియల్స్‌లో చదివిన క్యాంటిలివర్‌ అంటే ఇదే. పొడవంతా సమానంగా బరువు పడితే, దాని కొస ఎంత వంగుతుందనేది పొడవు నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. అంటే మందం మార్చకుండా ఎత్తు రెట్టింపు చేస్తే వంపు 16 రెట్లు అవుతుంది.

ఖాన్‌ రాకముందు ఎత్తైన టవర్లను లోపలంతా పిల్లర్లు, బీములతో జాలీలా కట్టేవారు. 30, 40 అంతస్తులు దాటితే గాలిని తట్టుకోవడానికే బోలెడు ఉక్కు అదనంగా పోయాల్సి వచ్చేది. ఎత్తుకు చెల్లించే జరిమానా అన్నమాట. ఖర్చుకు భయపడి చాలా ప్లాన్లు కాగితం మీదే ఆగిపోయేవి.

మన అడవిలో వెదురును చూడండి. ఉట్నూరు వైపు, నేరడిగొండ వైపు వెదురు పొదలు మనకు కొత్త కాదు. బొంగు లోపల ఖాళీ. బలమంతా చుట్టూ ఉన్న గోడలోనే. అదే బరువున్న సన్నని గట్టి కర్ర కంటే బోలు బొంగు తక్కువ వంగుతుంది. కారణం, పదార్థం మధ్య నుంచి ఎంత దూరం జరిగితే వంపును అంత గట్టిగా అడ్డుకుంటుంది. పుస్తకంలో దీన్నే మూమెంట్‌ ఆఫ్‌ ఇనర్షియా అంటారు. మేదరి చేతికి ఆ సంగతి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు.

ఖాన్‌ భవనాన్ని అట్లాంటి గొట్టంగా ఊహించారు. బయటి గోడ పొడవునా పిల్లర్లను దగ్గర దగ్గరగా నిలబెట్టి, ప్రతి అంతస్తులో లోతైన బీములతో కలిపేశారు. గాలి ఒక వైపు నుంచి కొడితే నాలుగు గోడలూ కలిసి ఒక్క శరీరంలా ఎదురు నిలుస్తాయి. లోపల పిల్లర్ల గొడవ తగ్గిపోయి విశాలమైన జాగా మిగులుతుంది. దీనికి ఫ్రేమ్డ్‌ ట్యూబ్‌ అని పేరు. షికాగోలో 43 అంతస్తుల డెవిట్‌ చెస్ట్‌నట్‌ అపార్ట్‌మెంట్లు ఈ పద్ధతిలో కట్టిన తొలి భవనాల్లో ముఖ్యమైనవి.

విద్యార్థి థీసిస్‌ నుంచి 100 అంతస్తులు

ఉద్యోగం చేస్తూనే ఖాన్‌ ఇల్లినాయ్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీలో విద్యార్థులకు గైడ్‌గా ఉండేవారు. జపాన్‌ నుంచి వచ్చిన మికియో ససాకి అనే విద్యార్థి 1960ల్లో ఒక థీసిస్‌ చేశాడు. గొట్టం గోడల మీద పెద్ద పెద్ద ఐమూల కడ్డీలు వేస్తే పిల్లర్ల సంఖ్య తగ్గించి కూడా బలం తేవచ్చని ఆ పనిలో తేలింది. ఆ ఆలోచన అక్కడితో అటకెక్కలేదు. 100 అంతస్తుల జాన్‌ హాంకాక్‌ సెంటర్‌ గోడల మీద ఆ కడ్డీలు పెద్ద ఇంటూ గుర్తుల్లా ఇవాళ్టికీ కనిపిస్తాయి.

హాంకాక్‌ సెంటర్‌కు చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కు పట్టింది. అంతకు ముందు పాత పద్ధతిలో న్యూయార్క్‌లో కట్టిన 60 అంతస్తుల చేజ్‌ మన్‌హట్టన్‌ భవనానికి సుమారు 275 కిలోలు పట్టింది. అంటే 40 అంతస్తులు ఎక్కువ కట్టి కూడా ఉక్కును దాదాపు సగానికి తెచ్చారు.

అంతా సాఫీగా సాగిందనుకోవద్దు. 1966లో పనులు నడుస్తుండగా పునాదిలోని ఒక స్తంభం కిందికి దిగింది. వెతికితే లోపల కాంక్రీటు సరిగా నిండలేదని బయటపడింది. పని ఆపేశారు. మిగతా స్తంభాలన్నింటినీ పరీక్షించి, సరిచేశాకే మళ్లీ మొదలుపెట్టారు. నెలల తరబడి ఆలస్యం, డబ్బు నష్టం. కానీ ఆ ఒక్క స్తంభాన్ని చూసీచూడనట్టు వదిలేసి ఉంటే పైన వందల కుటుంబాల ప్రాణాల మీదికి వచ్చేది. సైట్‌ ఇంజినీర్‌ ఉద్యోగానికి పోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఇది.

ఖాన్‌కు ఇంకో అనుమానం వచ్చింది. భవనం కూలదు సరే, ఊగితే లోపలి మనిషికి ఎట్లా ఉంటుంది? దానికి లెక్కలు దొరకలేదు. షికాగో మ్యూజియంలో కదిలే వేదిక మీద మనుషులను ఉంచి, ఎంత కదలికకు వాళ్లకు తెలుస్తుందో, ఎంతకు ఇబ్బంది పడతారో పరీక్షించారు.

నది పక్కన తొమ్మిది గొట్టాల మోపు

సియర్స్‌ రోబక్‌ అప్పట్లో అమెరికాలో పేరున్న చిల్లర వ్యాపార సంస్థ. నగరమంతా చెల్లాచెదురుగా ఉన్న తన ఉద్యోగులను ఒకే చోటికి తేవాలని 1960ల చివర్లో నిర్ణయించుకుంది. స్థలం షికాగో నది దక్షిణ పాయకు ఒక వీధి అవతల. ఈ నదికీ ఒక కథ ఉంది. నగరం మురుగు మిషిగన్‌ సరస్సులో కలిసి తాగునీరు పాడవుతోందని 1900లో ఇంజినీర్లు కాలువ తవ్వి నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పారు.

నది, సరస్సు పక్కనున్న నేల కాబట్టి పైన మెత్తని బంకమట్టి. అంత బరువు దాని మీద నిలవదు. అందుకే 114 గుండ్రని బావుల్లాంటి గుంతలు అడుగున రాయి తగిలేదాకా తవ్వి కాంక్రీటుతో నింపారు. టవర్‌ బరువు ఆ స్తంభాల మీదుగా రాతికి చేరుతుంది.

పైన ఏం చేయాలి? సియర్స్‌కు తన ఉద్యోగుల కోసం కింద చాలా విశాలమైన అంతస్తులు కావాలి. పైన మాత్రం అద్దెకివ్వడానికి చిన్న అంతస్తులే మేలు. భవనం మరీ వెడల్పైతే ఒకే గొట్టం సరిగా పనిచేయదు. గోడ మధ్యలో ఉన్న పిల్లర్లు తమ వంతు బరువు మోయకుండా మూలల మీదికి నెట్టేస్తాయి. ఆర్కిటెక్ట్‌ బ్రూస్‌ గ్రాహమ్‌, ఖాన్‌ కలిసి దీనికి కనిపెట్టిన దారి గొట్టాల మోపు. ఇంజినీరింగ్‌లో బండిల్డ్‌ ట్యూబ్‌ అంటారు.

పత్తి తీతలు అయిపోయాక మన చేలల్లో పత్తి కట్టెను మోపు కడతాం. ఒక్క కట్టెను మోకాలి మీద పెట్టి విరిచేయవచ్చు. మోపును విరవడం ఎవరివల్లా కాదు. సియర్స్‌ టవర్‌ కూడా అంతే. ఒక్కోటి 75 అడుగుల చదరం ఉన్న తొమ్మిది గొట్టాలను మూడు వరసల్లో పక్కపక్కనే నిలిపారు. అడుగున మొత్తం 225 అడుగుల చదరం. 50వ అంతస్తు దాకా తొమ్మిదీ వెళ్తాయి. అక్కడ రెండు ఆగిపోతాయి. 66 దగ్గర ఇంకో రెండు, 90 దగ్గర మరో మూడు ఆగుతాయి. చివరికి రెండే పైదాకా పోతాయి. కంపెనీ అవసరం, గాలి లెక్క, చూపుకు అందం మూడూ ఒకే గీతలో కుదిరాయి.

పని తీరు కూడా నేర్చుకోదగ్గదే. ఉక్కు చట్రాలను రెండేసి అంతస్తుల ఎత్తు ముక్కలుగా ఫ్యాక్టరీలోనే వెల్డింగ్‌ చేసి తెచ్చారు. పైన, గాలిలో చేయాల్సింది బోల్టులు బిగించడమే. ప్రమాదం తగ్గింది, వేగం పెరిగింది. 1970లో మొదలైన పనిలో 1973 మే నాటికి ఉక్కు చట్రం చిట్టచివరికి చేరింది. ఎత్తు 442 మీటర్లు. సుమారు 76 వేల టన్నుల ఉక్కు పట్టింది. ఈ లెక్కల వెనక ఖాన్‌ ఒక్కరే లేరు. మన దేశం నుంచే వెళ్లిన శ్రీనివాస అయ్యంగార్‌ లాంటి ఇంజినీర్లు ఆయన జట్టులో ఉన్నారు. అప్పుడప్పుడే వస్తున్న కంప్యూటర్లను స్ట్రక్చరల్‌ లెక్కలకు వాడుకోవడంలోనూ ఆ జట్టు ముందుంది.

1998లో కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్‌ టవర్లు వచ్చేదాకా ఎత్తులో దీనిదే మొదటి స్థానం. కట్టించుకున్న సియర్స్‌ మాత్రం 1990ల్లోనే అందులోంచి ఖాళీ చేసి వెళ్లిపోయింది. 2009లో టవర్‌ పేరు విల్లిస్‌గా మారింది. కంపెనీ పోయింది, పేరు మారింది, ఇంజినీర్‌ లెక్క మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

మాతృభూమి కోసం

1971లో తూర్పు పాకిస్థాన్‌లో యుద్ధం వచ్చింది. అప్పటికి ఖాన్‌ సంస్థలో భాగస్వామి, సియర్స్‌ టవర్‌ పని నడుమ ఉన్నారు. అయినా ఊరుకోలేదు. షికాగోలోని బెంగాలీలను కూడగట్టి, బాధితుల సాయం కోసం ఒక సంఘం, అమెరికా ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడానికి మరొకటి ఏర్పాటుచేశారు. ఆ ఏడాది చివరికి బంగ్లాదేశ్‌ ఏర్పడింది. ఎంత ఎత్తుకు వెళ్లినా రవీంద్రుడి పాటలు పాడుకోవడం ఆయన మానలేదు.

ఆయన చివరి పెద్ద పనుల్లో ఒకటి సౌదీలోని జెడ్డా విమానాశ్రయంలో హజ్‌ టెర్మినల్‌. అక్కడ ఎత్తైన గోడలు లేవు. ఎడారి ఎండలో యాత్రికులకు నీడ కావాలి, గాలి ఆడాలి. అందుకని తీగలకు వేలాడే 210 గుడారాలు వేశారు. మన ఆదిలాబాద్‌, నిర్మల్‌ నుంచి హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దల్లో కొందరు ఆ నీడలో కూర్చునే ఉంటారు. 1982 మార్చి 27న జెడ్డాలోనే గుండెపోటుతో ఖాన్‌ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 52. షికాగోలోనే ఖననం చేశారు. టవర్‌ పక్కన వీధికి ఇప్పుడు ఆయన పేరుంది.

మన దగ్గర ఈ లెక్క ఎక్కడుంది?

కృష్ణా నది ఒడ్డున అమరావతిలో సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల కోసం తలపెట్టిన ఐదు టవర్లు డయాగ్రిడ్‌ పద్ధతిలో ఉన్నాయి. అంటే బయటి గోడనే ఐమూల ఉక్కు జాలీగా అల్లి, బరువునూ గాలినీ దానితోనే మోయించడం. హాంకాక్‌ గోడల మీది ఇంటూ గుర్తులకు ఇది మనవడి వరస. ఈ టవర్ల ర్యాఫ్ట్‌ పునాదులు వేశాక పనులు ఆగి, అవి ఏళ్ల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పని మళ్లీ మొదలుపెట్టే ముందు వాటి బలాన్ని నిపుణులతో పరీక్షింపజేశారు. ఇట్లాంటి పరీక్షలు చేయగలవారు కూడా సివిల్‌ చదివినవాళ్లే.

ఇక మన ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్‌ వెళ్లి టవర్ల దగ్గర సెంట్రింగ్‌, రాడ్‌బెండింగ్‌ పనిచేసినవాళ్లు ఊరికి ఒకరైనా ఉంటారు. తండ్రి రాడ్డు వంచిన టవర్‌ లాంటిదానికి బిడ్డ డ్రాయింగ్‌ గీయడం అసాధ్యమేమీ కాదు.

దారి ఇలా

- డిప్లొమా సివిల్‌ చేసినవారు ఈసెట్‌ రాసి బీటెక్‌ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు.
- బీటెక్‌ తర్వాత గేట్‌ స్కోరుతో ఎన్‌ఐటీ వరంగల్‌, ఐఐటీ హైదరాబాద్‌ లాంటి చోట్ల స్ట్రక్చరల్‌ ఇంజినీరింగ్‌లో ఎంటెక్‌ చేయవచ్చు. ఉస్మానియా, జేఎన్‌టీయూల్లో పీజీ ఈసెట్‌ దారి కూడా ఉంది.
- ఈటాబ్స్‌, స్టాడ్‌ ప్రో సాఫ్ట్‌వేర్లు నేర్చుకోండి. అయితే ముందు చేత్తో లెక్క చేయడం రావాలి. సాఫ్ట్‌వేర్‌ ఇచ్చిన జవాబు తప్పని పట్టుకోగలిగినవాడికే ఇంటర్వ్యూలో మార్కులు.
- గాలి భారం కోసం ఐఎస్‌ 875 మూడో భాగం, ఎత్తైన కాంక్రీటు భవనాల కోసం ఐఎస్‌ 16700 కోడ్‌ చదవండి. హైదరాబాద్‌కు మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు 50 మీటర్లు అని కోడ్‌ చెబుతుంది. ఆ తేడా డిజైన్‌ను ఎట్లా మారుస్తుందో ఒక చిన్న ప్రాజెక్టుగా చేసి చూడండి.
- విదేశీ చదువుకు ఫుల్‌బ్రైట్‌ లాంటి స్కాలర్‌షిప్పులు ఇప్పటికీ ఉన్నాయి. ప్రకటనలు చూస్తూ ఉండాలి.

ఖాన్‌ జీవితంలో పరీక్షలు ఆగాయి, దేశం రెండు ముక్కలైంది, కోరుకున్న కొలువు చేతికొచ్చాక నచ్చలేదు. ప్రతిసారీ ఆయన పట్టుకున్నది తనకు బాగా వచ్చిన సబ్జెక్టునే. ఈసారి ఎవరైనా సివిలా అని అడిగితే తలదించుకోవద్దు. వచ్చే సెమిస్టర్‌కు మెకానిక్స్‌ పుస్తకాన్ని మొదటి చాప్టర్‌ నుంచి మళ్లీ తెరవండి. చేలో పత్తి కట్టె మోపు కనిపిస్తే ఒకసారి ఆగి, అది ఎందుకు విరగదో కాగితం మీద లెక్క కట్టి చూడండి.